నాలుగు జీబీ ల్యాప్‌టాప్‌లో ఒక జీబీ ఎటు పోయింది?

ఈసారి సావనీరుకు విద్య మీద ఏదైనా రాయమని కార్యదర్శి సాబ్ అడిగారు. విద్య ఎంత అవసరమో చెప్పే వ్యాసాలు ప్రతి ఏడూ వస్తూనే ఉన్నాయి. అందుకని నేను మన సొసైటీ చదువుల గదిలో జరిగిన ఒక చిన్న పని గురించి రాస్తున్నాను. నేను కంప్యూటర్ ఇంజినీరును కాను. బీఎస్సీ, బీఈడీ చదివి, ఇన్నేళ్లుగా పిల్లలకు లెక్కలు చెబుతున్న వాణ్ని. అయితే ఈ పనిలో తేలింది కూడా ఒక తీసివేత లెక్కే కాబట్టి ధైర్యం చేశాను.

మన ఊరి అబ్బాయి ఒకతను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వాళ్ల ఆఫీసులో పక్కన పెట్టేసిన తొమ్మిది ల్యాప్‌టాప్‌లను అడిగి, మన గదికి ఇప్పించాడు. ఆఫీసు వాళ్లు వాటిని ఎందుకు పక్కన పెట్టారో ముందు చెప్పాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబర్ 14న మామూలు మద్దతు ఆపేసింది. దాని తర్వాతిదైన విండోస్ 11 ఎక్కాలంటే కనీసం నాలుగు జీబీ ర్యామ్‌తో పాటు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి పైవి కావాలి. అంతకంటే పాతవి ఎంత బాగా నడుస్తున్నా, కంపెనీ లెక్కలో అవి పాతసామానే. ఆ యంత్రాలు ఆ రోజుతో ఆగిపోవు కానీ, కొత్తగా బయటపడే లోపాలకు మరమ్మతులు రావు. పిల్లలు ఈ-పాస్‌లో స్కాలర్‌షిప్‌కు, దోస్త్‌లో డిగ్రీ సీటుకు దరఖాస్తు చేసుకునేది, ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా వివరాలు నింపేది వీటి మీదే. అలాంటి చోట తలుపుకు గడియ లేని యంత్రం పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. దొంగ కాపీ విండోస్ వేసి ఇస్తామన్న వాళ్లు ఉన్నారు. దానం వచ్చిన సొమ్ముతో నడిచే గదిలో దొంగ సరుకు పెట్టడమేమిటని దానికీ ఒప్పుకోలేదు.

మిగిలిన దారి లినక్స్. అది ఉచితం. ఎవరైనా వాడుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వవచ్చు. మన పక్కనే కేరళ ప్రభుత్వ బడుల్లో ఏళ్ల తరబడి పిల్లలు దాని మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. తెలుగువాళ్లకూ ఇది కొత్త కాదు. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ అనే స్వచ్ఛంద సంస్థ 2005లోనే తెలుగులో కనిపించే లినక్స్ ఒకటి తయారుచేసి, అదే పేరుతో పంచింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ 2007లో తెచ్చిన బాస్ కూడా ఈ కుటుంబంలోదే. మేము మాత్రం లినక్స్ మింట్ అనే రకంలో, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి ముఖం ఉన్నది ఎంచుకున్నాం. కనీసం రెండు జీబీ ర్యామ్ ఉంటే చాలు, నాలుగు ఉంటే హాయిగా నడుస్తుందని దాన్ని చేసిన వాళ్లే చెబుతారు. మాకు వచ్చినవన్నీ నాలుగు జీబీవే. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఒక్కొక్కదానికీ వేసుకుంటూ పోయాం. తొమ్మిదిలో ఒకటి అసలు పెన్‌డ్రైవ్ నుంచి మొదలు కానే లేదు. దాని సంగతి తర్వాత చెబుతాను. మిగతా ఎనిమిదింటికీ లినక్స్ ఎక్కింది.

వారం తిరగకుండానే పిల్లలు మూడింటిని వదిలేసి, మిగతా ఐదింటి దగ్గర గుంపు కట్టడం మొదలుపెట్టారు. ఎందుకని అడిగితే, ఇంటర్ రెండో ఏడు చదివే ఒకమ్మాయి అన్నది:

"సార్, గవి మూడు పాఠం పెట్టి నోట్స్ తెరవంగనే ఆగుతున్నయి. బాణం గుర్తు గూడ కదలదు. గట్లనే చూసుకుంట కూసోవాలె."

ఊళ్లో రిపేరు దుకాణంలో చూపిస్తే, "ఈ డబ్బాలకు లినక్స్ సెట్ కాదు సార్, పారేయండి" అన్నారు. ఆ మాట నాకు మింగుడుపడలేదు. ఎనిమిదింటిలో ఉన్నది ఒకే లినక్స్, ఒకే నాలుగు జీబీ, ఒకే తరహా హార్డ్ డిస్క్. సెట్ కాకపోతే ఎనిమిదింటికీ కాకూడదు. ఐదుగురు పాసై ముగ్గురు తప్పితే తప్పు పాఠంలో ఉండదు, ఆ ముగ్గురి దగ్గర వేరుగా ఏముందో చూడాలి.

లినక్స్‌లో టెర్మినల్ అనే నల్ల కిటికీ ఉంటుంది. అందులో ఫ్రీ అని ఇంగ్లీషులో కొట్టి, ఒక ఖాళీ వదిలి, అడ్డగీత పెట్టి హెచ్ అక్షరం కొడితే, యంత్రం తన చేతిలో ఉన్న ర్యామ్ ఎంతో చెబుతుంది. బాగా నడిచే ఐదూ తమ దగ్గర సుమారు 3.7 జీబీ ఉందన్నాయి. ఆగిపోయే వాటిలో రెండు 2.9 అన్నాయి. మూడోది 3.4 అన్నది. వెనకాల మూత తీసి చూస్తే అన్నిటిలోనూ నాలుగు జీబీ చిప్పే ఉంది. అంటే ఆ రెండింటిలో దాదాపు ఒక జీబీ కళ్లముందే మాయమైంది.

విండోస్ వాడే వాళ్లు కూడా ఇది చూసుకోవచ్చు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరిస్తే ర్యామ్ దగ్గర నాలుగు జీబీ అని రాసి, పక్కన బ్రాకెట్లో యూజబుల్ అంటూ అంతకంటే తక్కువ అంకె ఉంటుంది. ఆ రెండింటి మధ్య తేడా ఎవరు వాడుకుంటున్నారు?

బొమ్మ వాడుకుంటున్నది. తెర మీద మనకు కనిపించేదంతా ఒక బొమ్మ. దాన్ని గీసే భాగాన్ని గ్రాఫిక్స్ అంటారు. ఖరీదైన యంత్రాల్లో దానికి సొంత జ్ఞాపకం, అంటే సొంత మెమరీ వేరుగా ఉంటుంది. మామూలు ల్యాప్‌టాప్‌లలో ఉండదు. ప్రాసెసర్‌లోనే ఇమిడి ఉన్న గ్రాఫిక్స్, ఉన్న ర్యామ్‌లోనే వాటా తీసుకుంటుంది. ఎంత వాటా అన్నది విండోస్ గానీ లినక్స్ గానీ మొదలు కాకముందే తేలిపోతుంది. తేల్చేది ఫర్మ్‌వేర్. మనం వాడుకలో బయోస్ అంటాం. స్విచ్ నొక్కిన వెంటనే, ఏ ఆపరేటింగ్ సిస్టమ్ కంటే ముందుగా లేచి, డిస్క్ ఎక్కడుంది, కీబోర్డు ఎక్కడుంది అని చూసుకునే చిన్న ప్రోగ్రాం అది. మదర్‌బోర్డు మీదే ఒక చిప్‌లో ఉంటుంది. హార్డ్ డిస్క్ మార్చినా, లినక్స్ వేసినా అది మారదు, దానిలోని పాత సెట్టింగులూ మారవు.

మన మెదక్ వాళ్లకు ఘనపురం ఆనకట్ట గురించి చెబితే ఇది వెంటనే తెలుస్తుంది. మంజీర మీద కట్టిన ఆ ఆనకట్ట నుంచి మహబూబ్ నహర్, ఫతే నహర్ అని రెండు కాలువలు పోతాయి. వచ్చిన నీళ్లను రెండింటికీ పంచాలి. ఒక కాలువ కింద పైరు ఉందో లేదో చూసి, కావలసినప్పుడు కావలసినంత వదలడం ఒక పద్ధతి. అలా కాకుండా, ఒక కాలువ తూమును నాలుగో వంతు నీళ్లకు తెరిచి, అలాగే వెల్డింగ్ చేసేశారనుకోండి. ఆ కాలువ కింద నాట్లు పడకపోయినా నీళ్లు అటే పోతాయి, రెండో కాలువ రైతు ఎండిన మడి చూసుకుంటూ కూర్చుంటాడు. మా రెండు ల్యాప్‌టాప్‌లలో జరిగింది అదే. బొమ్మ కాలువకు 1024 ఎంబీ అని బయోస్‌లో ఎప్పుడో ఎవరో పెట్టారు, లేక తయారైనప్పుడే అలా వచ్చింది. పని కాలువకు 4096లో అది పోగా 3072 మిగిలింది. ఫర్మ్‌వేర్, లినక్స్ తమ సొంత అవసరాలకు పెట్టుకునే కొంత కూడా తీస్తే 2.9.

బొమ్మకు నిజంగా అంత కావాలా? ఈ లెక్క మా తొమ్మిదో తరగతి పిల్లలతో చేయించాను. ఆ ల్యాప్‌టాప్ తెర మీద అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలు ఉంటాయి. గుణిస్తే 10,49,088. ఒక్కో చుక్క రంగు రాసుకోవడానికి నాలుగు బైట్లు. మళ్లీ గుణిస్తే 41,96,352 బైట్లు, అంటే సుమారు నాలుగు ఎంబీ. తెర తొణకకుండా ఉండటానికి ఒక బొమ్మ చూపిస్తూ వెనక మరో రెండు సిద్ధం చేసుకుంటుందనుకున్నా పన్నెండు ఎంబీ. పెద్ద తెర, 1920 బై 1080 అయినా ఒక్కో బొమ్మకు ఎనిమిది ఎంబీ చిల్లరే. పిల్లలు లెక్క కట్టి, "మరి వెయ్యి ఎందుకు సార్?" అన్నారు. అడగవలసిన ప్రశ్నే.

వీడియో చూసినప్పుడు, చాలా కిటికీలు తెరిచినప్పుడు, ఆటలు ఆడినప్పుడు గ్రాఫిక్స్‌కు ఇంకా కావాలి. అందులో అబద్ధం లేదు. అయితే ఈ కాలపు ఇంటెల్, ఏఎండీ గ్రాఫిక్స్ రెండింటికీ లినక్స్‌లో ఉన్న డ్రైవర్లు, అవసరం పడినప్పుడు మామూలు ర్యామ్‌లోంచి తీసుకుని, పని అయ్యాక వదిలేసే పద్ధతి తెలిసినవి. బయోస్ ముందుగా పక్కన పెట్టేది మొదటి తెర వెలగడానికి, ఆ తర్వాత కొద్దిపాటి వాడకానికి సరిపోతే చాలు. బాగా నడిచే మా ఐదు ఇంటెల్ యంత్రాల్లో ముందుగా పక్కన పెట్టేది చాలా కొద్ది. ఆగిపోయే మూడూ ఏఎండీవి. అలాగని ఏఎండీ చెడ్డది, ఇంటెల్ మంచిది అనుకోకండి. ఈ మూడింటిలో సెట్టింగ్ అలా ఉంది, అంతే.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. 2.9కీ 3.7కీ తేడా ముప్పావు జీబీ. దానికే ఒకటి పరుగెత్తి మరొకటి కూలబడుతుందా? కూలబడుతుంది. మింట్ ఖాళీగా ఉన్నప్పుడు మా యంత్రాల్లో ముప్పావు జీబీ దాకా వాడుకుంటున్నది. బ్రౌజర్‌లో వీడియో పాఠం, పక్కన మరో నాలుగు పేజీలు తెరిస్తే రెండు జీబీకి దగ్గర. పీడీఎఫ్ నోట్సు, లిబ్రే ఆఫీసు కలిపితే మరి కొంత. మొత్తం మూడు జీబీ చుట్టూ తిరుగుతుంది. 3.7 ఉన్న యంత్రంలో ఇంకా చోటుంది. 2.9 ఉన్నదానిలో గిన్నె అంచుకు వచ్చేసింది. ర్యామ్ చాలకపోతే యంత్రం కొంత సరుకును హార్డ్ డిస్క్ మీదికి తీసి పెట్టి, కావలసినప్పుడు మళ్లీ తెచ్చుకుంటుంది. తిరిగే పళ్లెం ఉన్న పాత హార్డ్ డిస్క్, ర్యామ్ ముందు ఎడ్లబండి. ఆ తీసి పెట్టడం, తెచ్చుకోవడం మొదలైందంటే బాణం గుర్తు కూడా కదలదు. ఆ అమ్మాయి చెప్పింది అదే.

ఇక సరిచేసిన విధానం. ల్యాప్‌టాప్ ఆపి, మళ్లీ స్విచ్ నొక్కిన క్షణం నుంచి ఒక మీట టకటకా నొక్కుతూ ఉంటే బయోస్ తెర వస్తుంది. డెల్, ఏసర్, ఆసుస్‌లలో సాధారణంగా ఎఫ్2. హెచ్‌పీలో ఎఫ్10. లెనోవో థింక్‌ప్యాడ్‌లో ఎఫ్1. లోపల మనకు కావలసిన సెట్టింగ్‌కు ఒకే పేరు లేకపోవడం పెద్ద చికాకు. ఏఎండీ యంత్రాల్లో యూఎంఏ ఫ్రేమ్ బఫర్ సైజ్ అని ఉంటుంది. ఇంటెల్ వాటిలో డీవీఎంటీ ప్రీ-అలొకేటెడ్ అంటారు. చాలా థింక్‌ప్యాడ్‌లలో కాన్ఫిగ్ కింద డిస్‌ప్లే, అందులో టోటల్ గ్రాఫిక్స్ మెమరీ అని 256, 512 రెండే అంకెలు చూపిస్తుంది. కొన్నిట్లో వీడియో మెమరీ అనో, షేర్డ్ మెమరీ అనో కనిపించవచ్చు. మా రెండింటిలో అడ్వాన్స్‌డ్ పేజీలో దొరికింది. 1024ను 256 చేశాను. ఇంకా కిందికి 64 దాకా అవకాశం ఉంది కానీ పోలేదు. 1024 నుంచి 256కు వస్తే 768 ఎంబీ లాభం. అక్కడి నుంచి 64కు పోతే దక్కేది 192 మాత్రమే. పాత ఏఎండీ గ్రాఫిక్స్‌కు తనదంటూ కొంత చోటు ఉంటేనే మంచిదని చదివాను కాబట్టి ఆ 192కు ఆశపడలేదు.

తర్వాత ఎఫ్10 నొక్కి, భద్రపరిచి బయటికి రావడమే. మొదటి ల్యాప్‌టాప్‌లో నేను అంత సజావుగా రాలేదు. పాత సెట్టింగులు ఇంకేమైనా పాడై ఉన్నాయేమో, అన్నీ ఒకేసారి మామూలుకు తెద్దామని లోడ్ డిఫాల్ట్స్ అనే దాన్ని కూడా నొక్కాను. తిరిగి ఆన్ చేస్తే బూట్ డివైస్ లేదని తెర. గుండె గుభేలుమంది. తెచ్చి ఇచ్చిన అబ్బాయికి ఏం చెప్పాలి, కమిటీకి ఏం చెప్పాలి? రెండు గంటలు తంటాలు పడ్డాక తెలిసింది. మేము లినక్స్ వేసినప్పుడు బయోస్ లెగసీ పద్ధతిలో ఉంది. డిఫాల్ట్స్ నొక్కేసరికి అది యూఈఎఫ్ఐ పద్ధతికి మారిపోయింది. డిస్క్ బాగానే ఉంది, దాన్ని చూసే తీరు మారింది. తిరిగి లెగసీ చేయగానే లేచి కూర్చుంది. రెండో ల్యాప్‌టాప్‌కు బుద్ధిగా ముందే బయోస్‌లోని ప్రతి పేజీ ఫోన్‌తో ఫొటో తీసుకున్నాను, చార్జర్ పెట్టి ఉంచాను, ఒకే ఒక్క అంకె మార్చాను. ఐదు నిమిషాల పని.

మళ్లీ ఫ్రీ ఆజ్ఞ కొట్టి చూస్తే రెండూ 3.6 అన్నాయి. లెక్క సరిపోయింది. ఆ అమ్మాయినే పిలిచి కూర్చోబెట్టాను. పాఠం పెట్టింది, నోట్సు తెరిచింది, ఇంకో నాలుగు పేజీలు కావాలనే తెరిచింది. తెరుచుకున్నాయి. కొంచెం నిదానంగానే. దీన్ని మాయగా చెప్పను. పాత యంత్రం కొత్తది కాలేదు, ఆగిపోవడం మానింది, అంతే. డబ్బు ఉంటే హార్డ్ డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డీ వేయడం ఇంతకంటే ఎక్కువ ఫలితం ఇస్తుంది. అది మా దగ్గర లేదు, ఇది ఉచితం.

మూడోదాని కథ వేరు. దానిలో గ్రాఫిక్స్‌కు 512 ఎంబీ పోతున్నది. కానీ బయోస్ మొత్తం వెతికినా ఆ సెట్టింగ్ లేదు. ఇది చాలామందికి ఎదురవుతుంది. ఇళ్లలో వాడే చవక రకం ల్యాప్‌టాప్‌లలో తయారీదారులు ఇలాంటివన్నీ దాచేస్తారు. చిప్‌లో సెట్టింగ్ ఉంటుంది, మెనూలో కనిపించదు.

దాచినదాన్ని బయటికి తీసే దారులు ఉన్నాయి. ఇంజినీరింగ్ చదివే ఒక కుర్రాడు వచ్చి, చేసి పెడతానన్నాడు. అతనికి ఆ విద్య ఎక్కడిదంటే, తన సొంత ఇంటెల్ ల్యాప్‌టాప్‌లో యాపిల్ వాళ్ల మ్యాక్ఓఎస్ వేయాలని చాలా రోజులు పట్టుబట్టాడు. ఈ సెట్టింగ్ ప్రపంచంలో ఎక్కువమందికి తెలిసింది కూడా ఆ పిచ్చి వల్లే. యాపిల్ డ్రైవర్ లినక్స్ డ్రైవర్‌లా సర్దుకుపోయేది కాదు. బయోస్ నాకు ముందుగా ఇంత పక్కన పెట్టి ఉంచాలి అని కచ్చితమైన అంకె అడుగుతుంది. చాలా ల్యాప్‌టాప్‌ల బయోస్ 32 ఎంబీ మాత్రమే ఇస్తుంది. చాలదని చూసి అది అక్కడికక్కడే ఆగిపోతుంది. 64 చేస్తే నడుస్తుంది. మెనూలో ఆ అంకె మార్చే వీలు లేని వాళ్లు, బయోస్ ఫైలును విప్పి, ఆ సెట్టింగ్ ఏ చోట రాసి ఉంటుందో వెతికి, నేరుగా అక్కడ కొత్త అంకె రాస్తారు.

చోటు ఒక్క అంకె తప్పితే ఏమవుతుందో ఆ కుర్రాడే చెప్పాడు: తెర నల్లగా ఉండిపోతుంది, బయోస్ కూడా రాదు, చిప్‌ను బయటి పరికరంతో మళ్లీ రాయించాలి. అదంతా సికింద్రాబాద్ దాకా పోయే పని. సొంత యంత్రం మీద సాహసం చేయడం అతని ఇష్టం. ఇది పదిమంది పిల్లలది, మన చేతిలో అమానత్. వద్దన్నాను. మ్యాక్ఓఎస్ మాట కూడా వచ్చింది కాబట్టి చెబుతున్నా, దాని ఒప్పంద పత్రం ప్రకారం యాపిల్ సొంత యంత్రాల మీద తప్ప వేరే వాటి మీద వేయకూడదు. పైగా యాపిల్ 2020 నుంచి తన సొంత చిప్‌లకు మారిపోయింది. 2025లో వచ్చిన మ్యాక్ఓఎస్ 26 ఇంటెల్ యంత్రాలకు చివరిదని వాళ్లే ప్రకటించారు. ఆ దారి ఇక మూసుకుపోతున్నది.

అటు లినక్స్‌కు ఈ దాపరికం పెద్ద అడ్డు కాదు. దానికి కావలసింది ఎక్కువ గ్రాఫిక్స్ వాటా కాదు, ఎక్కువ ర్యామ్. మూడోదాని మూత తీస్తే రెండో చిప్ పెట్టే గాడి ఖాళీగా కనిపించింది. ఒక ఆదివారం మెదక్ నుంచి రైలెక్కి వెళ్లి, ప్యారడైజ్ దగ్గరి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో వాడిన నాలుగు జీబీ చిప్ తెచ్చాను. కొనేముందు పాత చిప్‌ను జేబులో పెట్టుకుని వెళ్లడం మంచిది. డీడీఆర్3, డీడీఆర్3ఎల్, డీడీఆర్4 అని రకాలున్నాయి, ఒకదాని గాడిలో ఇంకొకటి పట్టకపోవచ్చు, పట్టినా వోల్టేజీ కలవకపోవచ్చు. రెండు చిప్‌లు జతగా ఉంటే ఇంకో లాభం కూడా ఉంది. చాలా యంత్రాల్లో ర్యామ్‌కు పోయే బాట రెండింతలవుతుంది. గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ లేదు కాబట్టి ఆ బాట వెడల్పు దానికి బాగా ఉపయోగం. ఎనిమిది జీబీలో 512 పోతే ఎవరికి లెక్క? ఇప్పుడు అన్నిటికంటే గిరాకీ ఆ మూడోదానికే.

ఒకరిద్దరు పెద్దలు అడిగారు, లినక్స్‌లో మన భాషల సంగతేమిటని. తెలుగు అక్షరాలకు లోహిత్ ఉంది, తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు చేసిన పోతన, వేమన ఫాంట్లు ఉన్నాయి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో టైపు చేయవచ్చు. ఉర్దూకు నోటో నస్తాలిక్ వేసుకుంటే వాలు రాత చక్కగా వస్తుంది. పాత ఇన్‌పేజ్ ఫైళ్లు మాత్రం నేరుగా తెరుచుకోవు, యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. మన పాత సావనీర్ల ఉర్దూ భాగం అంతా ఇన్‌పేజ్‌లోనే ఉంది, దాన్ని ఎవరైనా కూర్చుని మార్చవలసే ఉంది. పిల్లలకు ఈ ఇబ్బంది లేదు, వాళ్లు మొదటి నుంచీ యూనికోడ్‌లోనే రాస్తున్నారు.

ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉన్నవారు దాన్ని పాతసామాను వాడికి ఇచ్చేముందు ఆ యూజబుల్ అంకె ఒకసారి చూడండి. ముఖ్యంగా ఆటలు ఆడే కుర్రాళ్లు వాడి వదిలేసిన వాటిలో. ఎనిమిది జీబీలో రెండు జీబీ గ్రాఫిక్స్‌కు రాసిపెట్టిన యంత్రం ఒకటి మా బంధువుల ఇంట్లోనే దొరికింది. ఆటల కోసమైతే అది సరైన సెట్టింగే. కొన్ని ఆటలు ముందుగా అంత కేటాయించి ఉందా అని చూసి గానీ తెరుచుకోవు. ఆ అబ్బాయి కెనడా వెళ్లిపోయాడు. ఇప్పుడు దాని మీద వాళ్ల నాన్న వార్తలు చదువుకుంటున్నాడు.

ఇక మొదట పక్కన పెట్టిన తొమ్మిదోది. అది బయోస్‌లోకి పోనివ్వదు. పాత ఆఫీసు వాళ్లు సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పెట్టి, తీయకుండా ఇచ్చేశారు. పెన్‌డ్రైవ్ నుంచి మొదలు కావడానికీ అదే అడుగుతుంది. లోపలి గుండ్రటి బ్యాటరీ తీసి పెడితే పోతుందని చాలామంది చెప్పారు, తీసి చూశాం, పోలేదు. కొన్ని రకాల ల్యాప్‌టాప్‌లలో ఆ పాస్‌వర్డ్ బ్యాటరీతో పని లేని చిప్‌లో రాసి ఉంటుంది. మన సొసైటీకి కంప్యూటర్ ఇవ్వాలనుకునే సోదరులు, సోదరీమణులు దయచేసి ఇచ్చేముందు రెండు పనులు చేయండి. మీ సొంత ఫైళ్లు తుడిచేయండి, బయోస్ పాస్‌వర్డ్ తీసేయండి. రెండోది మీరు తప్ప వేరెవరూ చేయలేరు.

ఆ ఆఫీసుకు మూడుసార్లు ఫోన్ చేశాం. పాస్‌వర్డ్ పెట్టిన ఉద్యోగి వేరే కంపెనీకి మారాడట. నంబరు కనుక్కుని చెబుతామన్నారు. తొమ్మిదో ల్యాప్‌టాప్ మన గది బీరువాలో, పై అరలో, చార్జర్‌తో సహా ఉంది.